720 రూపాయల సబ్బు

మేము తొమ్మిదిలో ఉన్నప్పుడు బడిలో "హాస్టలోళ్ల వాసన" అంటూ పక్క బెంచీవాళ్లు జరిగి కూర్చునేవారు. 2012లో మైసూర్ శాండల్ మిలీనియం సబ్బు వచ్చింది. 150 గ్రాములు, 720 రూపాయలు! బెంగళూరులో పనిచేసే మా సీనియర్ అన్న ఒకటి పట్టుకొచ్చాడు. మా కాస్మెటిక్ ఛార్జీలు ఎన్ని నెలలవి కూడబెడితే అది వస్తుంది? దారంతో పన్నెండు ముక్కలు కోశాం. బోరు ఉప్పునీళ్లకు నురగ సరిగా రాలేదు గానీ, గంధపు నూనె కదా, వాసన సాయంత్రం స్టడీ అవర్ దాకా ఒంటిమీదే ఉంది.

ఆ రోజు పక్క బెంచీవాళ్లు జరగలేదు. "ఏం సబ్బురా?" అన్నారు. మాకు సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. రోజూ స్నానం చేసి వచ్చిందీ మేమే కదా!

మాలో ఒకడు మాత్రం తన ముక్క వాడలేదు. వాళ్లమ్మ కోసమని కాగితంలో చుట్టి, దసరా సెలవుల దాకా ట్రంకు పెట్టెలో దాచాడు. వాడి నోటుపుస్తకాలు ఆ ఏడాదంతా గంధం వాసనే.