అంబర్‌పేటలో ఒక చల్లకుండ

గడచిన వైశాఖమున ఒక వేకువను మేము నాచారమునుండి ఉప్పల్ మీదుగా అంబర్‌పేటకు పోయితిమి. 2017లో బండ్లు నడవ నారంభించిన మెట్రో వంతెన క్రిందుగా, మూసీ మురుగునీట పెరిగిన పచ్చగడ్డి మోపులు బర్రెల కొట్టములకు తరలుచుండెను. విజయ డెయిరీ పాలపొట్లములు ఇంటింటికి వచ్చు ఈ దినములలోను, అంబర్‌పేటలో మాకు తెలిసిన యొక యింట బర్రెను సాకి, చల్ల చిలుకుచున్నారు.

ఆ యింటి అత్తగారు చల్లకుండకు పసుపు పూసి, కుంకుమబొట్టు పెట్టి, కవ్వపుత్రాడు కోడలి చేతికిచ్చెను. కవ్వమును దాటరాదు, ఎరువియ్యరాదు. దీపము పెట్టిన పిమ్మట పాలు, పెరుగు, చల్ల గడప దాటరాదు. తొలి వెన్నముద్ద కృష్ణునిది. ఇవి ఆమె పాటించు కట్టడులు. పోతన భాగవతమున యశోదాదేవి స్వయముగా పెరుగు చిలికినది గదా; ఆ పనియందు పూజాభావము మనకు క్రొత్త గాదు. కవ్వమును కడిగి ఎండబెట్టి, ఒరులకియ్యకుండుట శుభ్రతకును మంచిదే.

అరగంట చిలికినను నురుగే గాని వెన్న కానరాదాయెను. అత్తగారి ముఖము మారెను. ముందునాటి సందెవేళ ప్రక్కయింటి వితంతువు ముంతతో రాగా కోడలు చల్ల పోసినదట. “దాని కన్ను తాకిందమ్మా!” అని మాతో ననుచు, దిష్టి తీయుటకు ఉప్పు, ఎండుమిరపకాయలు తెమ్మనెను. కోడలు తల వంచుకొనెను. చల్లకు వచ్చి ముంత దాచనేల యని సామెత. ఆ తల్లి ముంత దాచకయే వచ్చి నింద మోయవలసి వచ్చినది.

మేము కుండను తాకి చూచితిమి, వెచ్చగా నుండెను. రాత్రియంతయు పొయ్యి ప్రక్కనే యున్నదట! పాలకొవ్వు వేడికి మిక్కిలి మెత్తబడినచో దాని కణములు ఒండొంటి నంటి ముద్ద కావు. చలికి మిక్కిలి గట్టిపడినను కావు. అందుచేతనే వేసవిని చన్నీళ్ళు, చలికాలమున గోరువెచ్చని నీళ్ళు పోయుదురు. మిక్సీలో మీగడ త్రిప్పువారు మంచుముక్కలు వేయుటయు నిందులకే. రంజనులోని నీళ్ళు చెంబెడు పోయించితిమి. కొంతసేపటికి ఆవగింజలవలె వెన్న తేలి, పిదప ముద్దకట్టెను.

అత్తగారు తొలిముద్ద కృష్ణునికి నివేదించి, కొంత తడవు మాటాడక, పిదప కోడలితో “పక్కింటామెను పిలువు బిడ్డా, ముంత తెచ్చుకొమ్మను” అనెను. ఉప్పు, మిరపకాయలు చేటలోనే యుండిపోయెను.

సోదరీమణులారా! కవ్వమునకు బొట్టు పెట్టుదము, కన్నయ్యకు వెన్న పెట్టుదము. వెన్న పడనినాడు మాత్రము, తోడి యాడుదానిని నిందించుటకు ముందు కుండను తాకి చూతము.