అమ్మల బజారుకి వెళ్ళేముందు

ఇంఫాల్ వెళ్ళాలన్న కోరిక నాకు ఇవాళ్టిది కాదు. 2004 జూలైలో కాంగ్లా కోట గేటు ముందు పన్నెండుమంది తల్లులు బట్టలు విప్పి నిలబడ్డ వార్త చదివినప్పటి నుంచీ ఉంది. తంగ్జమ్ మనోరమని చంపేసిన నాలుగు రోజులకి, ఆ తల్లులు సైన్యాన్ని నిలదీసిన తీరు గురించి అప్పట్లో మనం ఎంత మాట్లాడుకున్నామో, ఎంత ఏడ్చామో మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ గేటుకి నడిచి వెళ్ళేంత దూరంలోనే వేలమంది ఆడవాళ్ళు నడిపే బజారు ఒకటుందని నాకు ఆ తర్వాతే తెలిసింది. ఇమా కైథెల్. మైతేయి వాళ్ళ భాషలో ఇమా అంటే అమ్మ. కైథెల్ అంటే బజారు.

ఉద్యోగం, పిల్లల చదువులు, మంచాన పడిన అత్తగారు... ఇరవై ఏళ్ళు ఇట్టే గడిచిపోయాయి. పోయిన నెలలో నలుగురం నేస్తాలం మా ఇంట్లో కూర్చుని, ఇక ఈ ఏడాది వెళ్ళి తీరాల్సిందేనని తీర్మానం చేసుకున్నాం. ఇంఫాల్‌కి రైలు లేదు కాబట్టి కలకత్తా మీదుగానో గౌహతి మీదుగానో విమానమే గతి. 2020 జనవరి నుంచి మణిపూర్‌కి బయటివాళ్ళు వెళ్ళాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. అదేమంత కష్టం కాదు, దరఖాస్తు పెట్టుకుంటే వస్తుంది. ఎందుకు వస్తున్నారని అడిగితే 'టూరిజం' అని రాయాలి. ఆ మాట దగ్గరే మా నలుగురికీ పేచీ వచ్చింది. అది తర్వాత చెప్తాను.

ముందు ట్రావెల్ ఏజెంట్ పంపిన కాయితం సంగతి. పొద్దున కాంగ్లా కోట, మధ్యాహ్నం లోక్‌తాక్ సరస్సు, దారిలో మొయిరాంగ్‌లో ఆజాద్ హింద్ ఫౌజ్ మ్యూజియం. ఈ రెంటికీ మధ్య 'మదర్స్ మార్కెట్ - 45 నిమిషాలు, షాపింగ్‌కి అనుకూలం' అని ఉంది. నాకు నవ్వొచ్చింది. నాలుగైదు వందల ఏళ్ళుగా ఉందని చెప్పే బజారుకి ముప్పావుగంట!

ఆ బజారు ఎలా పుట్టిందో చదువుతుంటే మొదట ఆశ్చర్యం, ఆ వెంటనే ఒక రకమైన చిరాకు కలిగాయి. మణిపూర్ రాజుల కాలంలో లల్లుప్ అనే పద్ధతి ఉండేది. వయసొచ్చిన ప్రతి మగవాడూ నలభై రోజులకి పది రోజులు రాజుకి ఊడిగం చెయ్యాలి. యుద్ధానికైనా, కాలవలు తవ్వడానికైనా. మగవాళ్ళు అలా పోతే పొలం, మగ్గం, ఇల్లు, అమ్మకం అన్నీ ఆడవాళ్ళ నెత్తిన పడ్డాయి. అంటే ఈ బజారుని ఎవరూ ఆడవాళ్ళకి హక్కుగా రాసివ్వలేదు. చాకిరీలోంచి పుట్టింది. మన ఊళ్ళలో మగవాళ్ళు దుబాయికో బొంబాయికో పోతే వ్యవసాయం ఆడవాళ్ళ మీద పడడం మనం చూసిందే కదా. కాకపోతే వాళ్ళు ఆ చాకిరీని పట్టుకుని దాన్నొక చోటుగా, పట్టుగా మార్చుకున్నారు. అక్కడ మగవాళ్ళు కొనొచ్చు, బస్తాలు మొయ్యొచ్చు. గద్దె మీద కూర్చుని అమ్మడానికి మాత్రం వీల్లేదు.

కూర్చున్న చోట ఊరికే కూర్చోలేదు వాళ్ళు. 1904లో ఇంగ్లీషు అధికారుల బంగళా తగలబడితే, మళ్ళీ కట్టడానికి కబా లోయ నుంచి టేకు దుంగలు మోసుకురమ్మని మగవాళ్ళకి వెట్టి వేశారు. బజారు ఆడవాళ్ళు తిరగబడి ఆ హుకుంని వెనక్కి తీసుకునేలా చేశారు. అది మొదటి నుపీ లాన్, ఆడవాళ్ళ యుద్ధం. రెండోది 1939 డిసెంబరు 12న. బయటి వ్యాపారులు బియ్యాన్ని రాష్ట్రం దాటిస్తుంటే లోయలో అన్నానికి కరువొచ్చింది. మహారాజు నవద్వీపంలో ఉన్నాడు. దర్బారు అధ్యక్షుడు షార్ప్ అనే తెల్లదొరని ఆడవాళ్ళు తంతి ఆఫీసులో నిర్బంధించి, ఎగుమతి ఆపమని రాజుకి ఇప్పుడే తంతి కొట్టు అన్నారు. అస్సాం రైఫిల్స్ వాళ్ళు బాయ్‌నెట్లతో పొడిచారు. ఆ తర్వాత ఏడాదికి పైగా బజారు బహిష్కరించి కూర్చున్నారు. రోజు గడిస్తేగానీ పొయ్యి వెలగని మనుషులు ఏడాది పాటు అమ్మకాలు మానుకోవడమంటే ఏమిటో ఆలోచించండి. 1978లో నాటకకర్త కన్హైలాల్ ఈ పోరాటం మీద నాటకం వేస్తూ ఆ బజారు స్త్రీలనే నటులుగా తీసుకున్నారు. ఆ నాటకం చూడగలిగి ఉంటే ఎంత బావుండేదో!

ఇప్పుడున్న భవనాలు కొత్తవే. 2010లో తెరిచారు. పైకప్పు కింద మూడు పెద్ద మార్కెట్లు. ఒకటి భూదేవత లైమరెల్ సిదబి పేరు మీద, ఒకటి పొయ్యింటి దేవత ఇమోయిను పేరు మీద, మూడోది ధాన్యదేవత ఫౌఒయిబి పేరు మీద. 2016 జనవరి 4న భూకంపం వచ్చి భవనాలు బాగా దెబ్బతిన్నాయి. తెల్లవారకముందే వచ్చింది కాబట్టి సరిపోయింది. జనం ఉన్నప్పుడైతే తలుచుకోవడానికే భయమేస్తుంది. మూడు వేల నుంచి ఐదు వేలమంది దాకా అక్కడ అమ్ముతారని లెక్క చెబుతారు. వరసగా ఎత్తరుగుల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముందర నల్లబియ్యం, ఎండబెట్టి మగ్గబెట్టిన చేప 'ఙారి', బారెడేసి యోంచాక్ చిక్కుళ్ళు, నాలిక్కి తగిలితే కన్నీళ్ళు పెట్టించే ఊమొరోక్ మిరప, చారల ఫనెక్‌లు, పల్చటి ఇన్నఫీలు పెట్టుకుని. డబ్బులకి బ్యాంకు కంటే 'మరుప్' ఎక్కువ. అచ్చం మన చిట్టీల్లాంటిదే.

అరుగు మీద చోటు తల్లి నుంచి కూతురికో, అత్త నుంచి కోడలికో వస్తుంది. ఇక్కడే నాకు ముల్లు గుచ్చుకుంది. ఆచారం ప్రకారం పెళ్ళయిన ఆడవాళ్ళకే అక్కడ చోటు. 'అమ్మ' కానిదానికి అమ్మల బజారులో గద్దె లేదన్నమాట. మా నలుగురిలో పెళ్ళి వద్దనుకున్న నేస్తం ఒకరున్నారు. "అంటే నేను కొనడానికే పనికొస్తానా?" అంది. లైసెన్సు లేనివాళ్ళు బయట రోడ్డు పక్కన గంపలు పెట్టుకుంటారు. వాళ్ళని లేపడానికి పోలీసులు వస్తూనే ఉంటారు. పైకప్పు కింద ఉన్నవాళ్ళ గురించే పుస్తకాలూ డాక్యుమెంటరీలూ. ఎండలో గంప పెట్టుకున్న మనిషి ఏ టూరిస్టు ఫోటోలోనూ ఉండదు.

ఇక పేచీ సంగతి. నలుగురిలో చిన్నది, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే అమ్మాయి, "అక్కా, 2023 తర్వాత కూడా ఆ ఊరికి టూరిస్టుల్లా ఎలా వెళ్తాం?" అని సూటిగా అడిగేసింది.

2023 మే 3న మైతేయిలకీ కుకీ-జో తెగలకీ మధ్య మొదలైన హింసలో రెండొందల యాభైమందికి పైగా చచ్చిపోయారు. అరవై వేలమంది దాకా ఇళ్ళు వదిలేశారు. మే 4న ఇద్దరు కుకీ స్త్రీలని బట్టలూడదీసి ఊరేగించారు. జూలై 19న ఆ వీడియో బయటికొచ్చేదాకా దేశానికి పట్టలేదు. 2004లో తన దేహాన్ని తానే ఆయుధం చేసుకున్న స్త్రీ ఉన్న నేల మీదే, పందొమ్మిదేళ్ళకి మరో స్త్రీ దేహాన్ని గుంపు అలా చేసింది. మెయిరా పైబీ ఆడవాళ్ళు కొందరు ఆ హింసకి అండగా నిలిచారని, బాధితుల్ని గుంపుకి అప్పగించారని ఆరోపణలు వచ్చాయి. వీడియో బయటికొచ్చిన మర్నాడు నిందితుల్లో ఒకడి ఇంటిని తగలబెట్టిందీ మైతేయి ఆడవాళ్ళే. ఏది పట్టుకుని ఏది వదిలేస్తాం?

మెయిరా పైబీ అంటే కాగడా పట్టినామె. డెబ్భైల చివర్లో తాగుబోతుల్నీ సారా కొట్లనీ పట్టుకోవడానికి రాత్రుళ్ళు గస్తీ తిరిగిన 'నిషాబంద్' ఆడవాళ్ళే, 1980లో మణిపూర్ అంతటా సైన్యానికి ప్రత్యేకాధికారాలు ఇచ్చాక, పిల్లల్ని ఎత్తుకుపోకుండా కాగడాలతో కాపలా కాశారు. 1992లో దూబగుంట చీపుర్లు చూసినవాళ్ళం, మనకి ఆ నిషాబంద్ మన అక్కచెల్లెళ్ళ కథలాగే వినిపిస్తుంది. అందుకే ఆ తర్వాతి కథ ఇంత బాధ పెడుతోంది. ఉద్యమంలోని ఆడవాళ్ళు ఎప్పుడూ అందరు ఆడవాళ్ళ తరపునే ఉంటారని మనం అనుకుంటాం. తెలంగాణ పోరాట స్త్రీల గొంతుల్ని 1986లో స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చినప్పుడు, పొగడ్తలతో ఆగకుండా మీకేం జరిగిందని వాళ్ళని అడిగారు కదా. ఇంఫాల్ అమ్మల్నీ అలాగే అడగాలంటే మనకి భాషా లేదు, చనువూ లేదు.

మా కాలనీ బ్యూటీపార్లర్‌లో చూరాచాంద్‌పూర్ వైపు నుంచి వచ్చిన కుకీ అమ్మాయి పనిచేస్తుంది. నాకు జుట్టు కత్తిరిస్తూ, ఎక్కడికో వెళ్తున్నారట కదా ఆంటీ అంది. చెప్పాను. కత్తెర ఆగలేదు. వాళ్ళమ్మ కొండల నుంచి వెదురు మొలకలు, మిరపకాయలు గంపకెత్తుకుని ఆ బజారుకి తెచ్చేదట. ఒక ఇమాకి టోకున ఇచ్చేసి, ఆమె ఇచ్చిన టీ తాగి, సాయంత్రం బస్సుకి వెనక్కి వెళ్ళేదట. "అరవై కిలోమీటర్లే ఆంటీ. ఇప్పుడు మా అమ్మ వెళ్ళలేదు. నేను ఇంటికి పోవాలన్నా ఇంఫాల్‌లో దిగను, మిజోరంలో దిగి కొండల్లోంచి పోతాను." ఆ ఇమా ఎలా ఉందో మీ అమ్మకి తెలుసా అని అడిగాను. మొదట్లో ఫోన్లు చేసుకున్నారట. తర్వాత ఇద్దరూ మానేశారట. ఎవరు ముందు మానేశారో చెప్పలేదు, నేనూ అడగలేదు.

పదిహేను వందల మైళ్ళ దూరం నుంచి నేను పర్మిట్ కాయితం పట్టుకుని ఆ బజారులోకి నడిచి వెళ్ళగలను. అరవై కిలోమీటర్ల అవతల ఉన్న ఆమె వెళ్ళలేదు. చూరాచాంద్‌పూర్‌లోనూ మోరేలోనూ ఇళ్ళు పోగొట్టుకుని సహాయ శిబిరాల్లో చేరిన మైతేయి ఆడవాళ్ళదీ అదే గతి, దిక్కు మారిందంతే. ఇది తెలిసీ వెళ్ళడమా, మానడమా అని మేం మూడు సాయంత్రాలు వాదించుకున్నాం. మానేస్తే ఎవరికి లాభం? అరుగు మీద కూర్చున్న ముసలావిడ కొవిడ్‌లో నెలల తరబడి బజారు మూసేస్తే తట్టుకుంది, ఆ వెంటనే కర్ఫ్యూలు తట్టుకుంది. నేను నైతికంగా ఇంట్లో కూర్చుంటే ఆమెకి ఒక ఫనెక్ బేరం పోతుంది, అంతే. అలాగని 'ప్రపంచంలోనే అతి పెద్ద మహిళా మార్కెట్' అని పులకించిపోయి వచ్చి వ్యాసం రాయడం కూడా నావల్ల కాదు.

నేను వెళ్ళాలనే అనుకుంటున్నాను. ఏజెంట్ కాయితం పక్కన పడేసి మేమే వేసుకుంటున్నాం ప్లాను. ఎప్పుడన్నది ఇంకో చర్చ. నింగోల్ చాకౌబా పండగప్పుడు పెళ్ళయిన ఆడపిల్లలంతా పుట్టింటికి భోజనానికి వెళ్తారు. చేపల కోసం బజారు కిటకిటలాడుతుందట. బతుకమ్మకి పుట్టింటికి పోయే మనకి అది చూడముచ్చటే. కానీ నేను డిసెంబరుకే ఓటేశాను. 12న నుపీ లాన్ రోజు. ఆ ఊళ్ళో డిసెంబరులో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది కాబట్టి తెల్లారగానే బజారులో ఉండాలి. మూడు రోజులు, మూడు పూటలా అక్కడికే. లోక్‌తాక్ వీలైతే చూస్తాం. కెమెరా మొదటిరోజు సంచీలోంచి తియ్యకూడదు. 'కయానో' అంటే ఎంత అని అర్థం, అది నేర్చుకున్నాను. బేరం ఆడకూడదని ఒకరన్నారు. బేరం ఆడకపోతే అమ్మే మనిషిని అవమానించినట్టేనని నా అభిప్రాయం. మోండా మార్కెట్లో ఆకుకూరలమ్మే అవ్వ బేరమాడని వాళ్ళని ఎంత జాలిగా చూస్తుందో నాకు తెలుసు.

రోడ్డు పక్కన గంపల దగ్గర కూడా కొనాలని, శిబిరాల వైపు ఫోటోల కోసం వెళ్ళకూడదని రాసుకున్నాం. పర్మిట్ కాయితంలో టూరిజం అనే రాస్తాం, మేం అక్కడ అదే కాబట్టి.

మూడు టిక్కెట్లు బుక్కయ్యాయి. నాలుగో అమ్మాయి ఇంకా ఆలోచిస్తోంది. ఆదివారం దాకా టైం అడిగింది.