కెమెరా ఎవరి చేతిలో ఉంది?

మన తండాల మీద, గూడేల మీద సినిమాలు తీసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. కరువొస్తే వస్తారు, జాతరొస్తే వస్తారు, ఎన్నికలొస్తే వస్తారు. తీసుకుపోయిందాన్ని మళ్లీ తెచ్చి మనకు చూపించేవాళ్లు తక్కువ. కెమెరాను మన చేతికే ఇచ్చి తాము పక్కకు జరిగినవాళ్లు మరీ తక్కువ. అలాంటి వాళ్లలో పి.వి. సతీష్ గారు ఒకరు. ఆయన చేసిన పని మన యువతకూ, తోటి టీచర్లకూ తెలియాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

మేం ఆలూరు ప్రాంతంలో బడిపంతుళ్లం. సుగాలి తండాల్లో పుట్టి, టీటీసీ చేసి, తండా పిల్లలకే అక్షరాలు దిద్దిస్తున్నవాళ్లం. మాది మెట్ట నేల. వాన పడితే పంట, లేకపోతే సుగ్గి. సంక్రాంతి దాటిందంటే ఇళ్లకు తాళాలు పడతాయి, బండ్లు గుంటూరు మిరప చేల దారి పడతాయి. హాజరు పట్టీలో ఖాళీలు పెరుగుతాయి. సీజనల్ హాస్టల్ ఉన్నచోట కొందరు పిల్లలు నిలుస్తారు, మిగతావాళ్లు తల్లి వెంట పోతారు. ఈ వలస గురించి ఎవరెవరో మాట్లాడతారు. పోయి వచ్చిన పిల్లను ఎవరూ అడగరు.

సతీష్ గారు ఆదివాసీ కాదు, సీమవాసీ కాదు. 1945లో మైసూరులో పుట్టారు. దూరదర్శన్‌లో ప్రొడ్యూసర్‌గా పల్లెల కోసం కార్యక్రమాలు తీశారు. 1975-76లో అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు ఏడాది పాటు టీవీ కార్యక్రమాలు పంపారు. 'సైట్' అని పిలిచిన ఆ ప్రయోగంలో ఆయన కూడా పనిచేశారు. ఊరి జనమంతా ఒక్క టీవీ ముందు కూర్చొని చూసిన కాలం అది. చెప్పేవాళ్లు పట్నంలో, వినేవాళ్లు పల్లెలో. పల్లెకు కూడా చెప్పేది ఉంటుందన్న ఆలోచనకు ఆ ఏర్పాటులో చోటు లేదు.

1983లో ఆయన మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించారు. అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్ పక్కన పస్తాపూర్ దానికి కేంద్రమైంది. అక్కడిదీ మన లాంటి వానాధార సేద్యమే. పేద దళిత ఆడవాళ్లు ఊరూరా సంఘాలు కట్టుకున్నారు. బీడుపడ్డ నేలలు దున్ని జొన్న, కొర్ర, సామ, కంది కలిపి వేశారు. విత్తనం కొనకుండా ఇంట్లోనే దాచుకున్నారు. రేషన్ బియ్యం ఒక్కటే దిక్కు కాకూడదని, ఊళ్లో పండిన జొన్నను ఊళ్లోనే నిలవ చేసి పేద ఇళ్లకు పంచుకున్నారు. డెబ్బై అయిదు ఊళ్ల దాకా ఆ పని పాకింది.

సినిమా మనిషి ఉద్యమంలోకి వస్తే కెమెరా పక్కన పెట్టేస్తాడని అనుకుంటాం. సతీష్ గారు పక్కన పెట్టలేదు, చేతులు మార్చారు. 1990ల చివర్లో సంఘం ఆడవాళ్లు వీడియో తీయడం నేర్చుకున్నారు. వాళ్లలో చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, కూలికి పోయేవాళ్లు. పుస్తకంలోని ఇంగ్లీషు పేర్లు వాళ్లకు పనికిరాలేదు. అందుకని తమ బతుకులోంచే పేర్లు తీశారు. పైనుంచి కిందికి చూస్తే అది పటేల్ షాట్. దొర గడప మీద నిలబడి కూలివాళ్లను చూసే చూపు అది. కింది నుంచి తలెత్తి చూస్తే అది చేతులు కట్టుకున్న జీతగాడి చూపు. కంటికి కన్ను సమంగా పెట్టి తీస్తే సంఘం షాట్. సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కదా, అందుకని ఆ పేరు.

ఈ ఒక్క పాఠం చాలు, ఆయన ఏం చేశారో అర్థం కావడానికి. కెమెరా ఎత్తు మారితే మనిషి విలువ మారి కనిపిస్తుంది. ఆ సంగతి మనకు కొత్త కాదు. కొన్నేళ్ల కిందట మా తండాకు బయటివాళ్లు కొందరు సినిమా తీయడానికి వచ్చారు. పెట్టెలో దాచుకున్న పాత పేట్యా, కాంచళీ కట్టుకొమ్మని ఒక ముసలవ్వను అడిగారు. బడికి చెప్పులేసుకొని వచ్చిన పిల్లలను చెప్పులు విప్పి నిలబడమన్నారు. వాళ్లకు కావలసిన పేదరికం మా పిల్లల కాళ్లకు లేదు మరి. ఆ సినిమా ఏమైందో ఇప్పటికీ మాకు తెలియదు. చూపించినవాళ్లు లేరు.

పస్తాపూర్ ఆడవాళ్లు తీసిన తీరు వేరు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ విత్తనం వేసిన వరంగల్ రైతుల దగ్గరకు వాళ్లు సీజన్ పొడవునా మళ్లీ మళ్లీ పోయారు. పెట్టుబడి ఎంత, మందు ఎన్నిసార్లు కొట్టారు, చేతికొచ్చింది ఎంత అని రైతు నోటనే చెప్పించి 2003లో సినిమా చేశారు. అడిగేదీ సేద్యం చేసే మనిషే, చెప్పేదీ సేద్యం చేసే మనిషే. అందుకే ఆ మాటల్లో నటన లేదు.

రేడియో సంగతీ అంతే. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చినా, పల్లె సంఘాలకు లైసెన్సు దొరకలేదు. మాచ్‌నూరులో ఆడవాళ్లు ఊరుకోలేదు. కార్యక్రమాలు తయారు చేసి, క్యాసెట్లలో సంఘాలకు వినిపిస్తూ వచ్చారు. 2006లో నిబంధనలు మారాయి. 2008 అక్టోబరు 15న సంఘం రేడియో గాలిలోకి వచ్చింది. ఓపిక అంటే ఏమిటో పిల్లలకు చెప్పాల్సి వస్తే మేం ఈ కథే చెబుతాం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. మన గోర్ బోలికి సొంత లిపి లేదు. తీజ్ పాటలు, పెళ్లి పాటలు, గుత్తి దగ్గరి సేవాగఢ్ గురించి పెద్దలు చెప్పే కథలు అన్నీ నోటిలోనే ఉన్నాయి. ఒక ముసలవ్వ పోతే ఒక పుస్తకం పోయినట్టే. చదువు రాని ఆడవాళ్లు కెమెరా పట్టి తమ విత్తనాల చరిత్ర నిలబెట్టుకోగలిగినప్పుడు, చదువుకున్న మన పిల్లలు ఫోను పట్టి తమ అవ్వ గొంతు నిలబెట్టుకోలేరా?

మా బడిలో ఏడో తరగతి పిల్ల ఒకతె సుగ్గి నుంచి తిరిగొచ్చి, నాయన ఫోనులో తను తీసింది మాకు చూపించింది. అందులో ఏడుపు లేదు, వెనక సంగీతం లేదు. వాళ్లమ్మ కోసిన మిరప బస్తా కాటాకు ఎక్కుతుంది. ముల్లు ఒకచోట నిలిస్తే, రాసే మనిషి ఇంకో అంకె చెబుతాడు. అమ్మ మళ్లీ చూడమంటుంది. అంతే, నిమిషం కూడా లేదు. దాన్ని తండాలో పదిమంది కలిసి చూశారు. మరుసటి ఏడు నాలుగు కుటుంబాలు నోటుబుక్కులు కొనుక్కొని పోయాయి, రోజూ తూకం తామే రాసుకోవడానికి. లెక్కలు నేర్పేవాళ్లుగా మాకు ఇంతకంటే ఏం కావాలి?

ఆలూరు నియోజకవర్గంలోనే దేవనకొండ మండలం కప్పట్రాళ్ల అడవి ఉంది. యురేనియం కోసం అక్కడ 68 బోర్లు వేసే ప్రతిపాదన బయటికి వచ్చి, 2024 నవంబరులో చుట్టుపక్కల జనం రోడ్డెక్కారు. తవ్వకాలకు ఒప్పుకోమని రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది. రోడ్డెక్కిన రోజు టీవీలు వస్తాయి. మిగతా రోజుల్లో ఆ అడవి అంచున ఎవరు గొర్రెలు మేపుతున్నారు, ఏ చేను ఏ వాగు నీళ్లతో పండుతోంది అన్నది మనమే తీసి పెట్టుకోవాలి. రేపెవరైనా "ఇక్కడ ఏముంది, బోడి గుట్టలు" అంటే చూపించడానికి మన దగ్గర సాక్ష్యం ఉండాలి.

అయితే ఫోను చేతిలో ఉన్నంత మాత్రాన సంఘం షాట్ రాదు. మనలో చదువుకున్నవాళ్లం కూడా అవ్వ ముందు పటేల్ షాట్ తీయగలం. తీసే ముందు అడగాలి. తీసింది మొదట వాళ్లకే చూపించాలి. వద్దన్నది తీసేయాలి. చిన్నపిల్లల ముఖాలు ఊరి బయటికి పంపకూడదు. ఒక కాపీ తండాలోనే ఉండాలి.

సతీష్ గారు 2023 మార్చి 19న కన్నుమూశారు. ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది అది. కొర్ర, సామల విలువ ఆ ఏడు లోకమంతా చెప్పింది, పస్తాపూర్ ఆడవాళ్లు అప్పటికి ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. ముందుగా చెప్పినవాళ్లు వాళ్లేనని రుజువు కావాలంటే వాళ్లు తీసిన సినిమాలున్నాయి.

టీచర్లను అడిగేది ఒక్కటే. ఈ ఏడు సుగ్గికి పోయే ప్రతి పిల్లకూ, పిల్లోడికీ ఒక పని అప్పగించండి. అక్కడ చూసింది తీసుకురమ్మనండి, ఫోను లేకపోతే రాసుకు రమ్మనండి. తిరిగొచ్చిన రోజున తరగతిలో ముందు వాళ్లను మాట్లాడనివ్వండి. పాఠం ఆ తర్వాత చెప్పుకోవచ్చు.