ఫిర్యాదులోని మాట

కారు యజమాని సర్వీసు సెంటరులో "బ్రేకు పట్టడం లేదు" అని చెప్పిన మాట జాబ్‌కార్డు మీదికి ఎక్కేసరికి "బ్రేకుల పనితీరు పరిశీలించవలెను" అవుతుంది. సాయంత్రం బండి చేతికి వచ్చేటప్పటికి దాని కిందనే "పరిశీలించడమైనది, లోపమేదీ కనబడలేదు" అన్న వాక్యం చేరి ఉంటుంది. జాబ్‌కార్డు అంటే బండికి ఏ పని చేయవలసి ఉందో, ఏ పని జరిగిందో రాసి ఉంచే పత్రం. రేపు ప్రమాదమేదైనా జరిగితే సాక్ష్యంగా మిగిలేది అదే. అటువంటి పత్రంలో యజమాని నోటి మాట ఉండదు, ఆ మాట విన్న మరొకరు దానికి చేసిన తర్జుమా ఉంటుంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు గాని, వాహన భద్రత చరిత్రలో ప్రాణాలు తీసిన లోపాలు కొన్ని ఇనుములో పుట్టినా, ఏళ్ల తరబడి ముదిరింది ఈ తర్జుమాలోనే.

తెలుగునాట బండి నడిపేవారికీ బాగుచేసేవారికీ మధ్య పెరిగిన మాటలు ఈ విషయంలో చాలా కచ్చితమైనవి. ఒక్క బ్రేకు గురించే ఎన్ని విధాల చెబుతారో గమనించాలి. "పెడల్ మెత్తగా దిగిపోతోంది" అంటే గొట్టాల్లో గాలి చేరిందనో, బ్రేకు ఆయిలు పాతబడి తేమ పట్టి వేడికి మరుగుతోందనో అర్థం. "తొక్కితే ఒక పక్కకు లాగుతోంది" అంటే రెండు చక్రాల మీద పట్టు సమానంగా లేదని. "అరుస్తోంది" అంటే ప్యాడు అరిగిపోయి లోహం డిస్కును రాస్తోందని. "పట్టి వదలడం లేదు" అంటే ప్యాడును నొక్కే పిస్టను బిగుసుకుపోయిందని. "రాయిలా ఉంది" అంటే పాదం బలానికి తోడు ఇచ్చే బూస్టరుకు ఇంజను నుంచి అందవలసిన వాక్యూమ్ అందడం లేదని. ఐదు మాటలు ఐదు వేరు వేరు భాగాల వైపు వేలు చూపుతున్నాయి. వీటన్నిటినీ కలిపి "పనితీరు" అన్న ఒక్క మాటలో పోసినప్పుడు పోయేది నుడికారం మాత్రమే కాదు, రోగ నిర్ధారణకు కావలసిన సమాచారం సగానికి పైగా పోతుంది.

ఈ నష్టం ఎంత దూరం వెళ్లగలదో అమెరికాలో జనరల్ మోటార్స్ ఇగ్నిషన్ స్విచ్చి ఉదంతం చూపించింది. ఇగ్నిషన్ స్విచ్చి అంటే తాళంచెవి తిప్పినప్పుడు ఇంజనుకూ ఇతర పరికరాలకూ విద్యుత్తును కలిపే భాగం. చెవి ఒక స్థానంలో నిలబడి ఉండటానికి అందులో స్ప్రింగు తోసే చిన్న కడ్డీ ఒకటి గాడిలో కూర్చుంటుంది. షెవర్లే కోబాల్ట్, సాటర్న్ అయాన్ వంటి కార్లలో ఆ కడ్డీ పొట్టిగా, స్ప్రింగు బలహీనంగా ఉండటం వల్ల, మోకాలు తగిలినా, బరువైన తాళాల గుత్తి గతుకులో ఊగినా, చెవి దానంతట అదే వెనక్కు తిరిగేది. ఇంజను ఆగిపోయేది, దానితో స్టీరింగుకూ బ్రేకుకూ ఉండే తోడు పోయేది, అన్నిటికన్నా ఘోరమేమిటంటే, గుద్దుకున్న క్షణంలో తెరుచుకోవలసిన ఎయిర్‌బ్యాగుకు ఆజ్ఞ ఇచ్చే యూనిట్‌కు విద్యుత్తు లేక అది ముడుచుకునే ఉండిపోయేది.

యజమానులు చెప్పింది ఒక్కటే: "నడుస్తుండగా ఆగిపోతోంది." 2004, 2005 సంవత్సరాల్లోనే ఆ మాట కంపెనీకి చేరింది, కొత్త కార్లను నడిపి సమీక్షలు రాసే పాత్రికేయులు కూడా అదే రాశారు. కాని కంపెనీ ఇంజనీర్లు, స్టీరింగు బరువెక్కినా తిప్పవచ్చు, బ్రేకు గట్టిపడినా తొక్కవచ్చు గనుక ఇది భద్రతకు సంబంధించినది కాదని, వాడేవారి సౌకర్యానికి సంబంధించినదని వర్గీకరించారు. ఆ ఒక్క వర్గీకరణతో మరమ్మతు ఖర్చును బేరీజు వేయవలసిన విషయంగా అది మారిపోయింది. భద్రత అని రాసి ఉంటే ఖర్చు ప్రసక్తే వచ్చేది కాదు. స్విచ్చి మార్చడానికి బండికి 57 సెంట్లు అయ్యేదని తరువాత అమెరికా కాంగ్రెసు విచారణలో బయటపడింది. 2005 చివర డీలర్లకు పంపిన సూచనలో తాళాల గుత్తి బరువు తగ్గించుకోమని యజమానులకు చెప్పమన్నారు గాని, ఇంజను "ఆగిపోతుంది" అన్న మాట మాత్రం రాయలేదు. ఆ మాట కనబడితే ప్రభుత్వ భద్రతా సంస్థ దృష్టి పడుతుందన్న జాగ్రత్త అందుకు కారణమని, 2014లో ఆ కంపెనీయే నియమించిన న్యాయవాది ఇచ్చిన నివేదికలో ఉంది. యజమాని నోట వంద శాతం నిజమైన మాట ఏదో, కాగితం మీద సరిగ్గా ఆ మాటే నిషిద్ధమైంది.

2010 మార్చిలో జార్జియా రాష్ట్రంలో ఒక యువతి తన కోబాల్ట్ నడుస్తుండగా ఆగిపోతోందని డీలరుకు అప్పగించింది. ఆ ఫిర్యాదును ఇంధనానికి సంబంధించినదిగా తీసుకుని, ఇంధన వ్యవస్థను శుభ్రం చేసి బండి తిరిగి ఇచ్చారు. మర్నాడు, తన 29వ పుట్టినరోజున, వాన పడుతున్న రోడ్డు మీద ఆ బండి అదుపు తప్పి ఆమె మరణించింది. ఆమె తల్లిదండ్రులు వేసిన దావాలో సాక్ష్యం కోసం పరిశోధించిన ఇంజనీరు ఒకరు ఆ కారు స్విచ్చిని, బజారులో కొన్న కొత్త స్విచ్చిని పక్కపక్కన విప్పి చూస్తే, కొత్తదాని కడ్డీ పాతదానికన్నా సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్లు పొడుగుంది. అంటే కంపెనీలో ఎవరో స్విచ్చిని సరిదిద్దారు, కాని భాగానికి ఉండే సంఖ్యను మార్చలేదు. 2006లో జరిగిన ఆ మార్పు వల్ల, ఏ కారులో ఏ స్విచ్చి ఉందో రికార్డులు చూసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాకుండా పోయింది. పేరు మార్చకుండా వస్తువును మార్చడం, వస్తువు మార్చకుండా పేరును మార్చడం, రెండూ ఈ ఒక్క కథలోనే ఉన్నాయి. 2014లో కంపెనీ ప్రపంచవ్యాప్తంగా సుమారు 26 లక్షల కార్లను వెనక్కు పిలిచింది. పరిహార నిధి అంగీకరించిన మరణాలు 124. మరుసటి ఏడు అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందం ప్రకారం 90 కోట్ల డాలర్లు చెల్లించింది.

ఆ వ్యవహారంలో బయటికి వచ్చిన పత్రాలలో భాష గురించి పట్టింపు ఉన్నవారిని ఎక్కువ కలవరపెట్టేది 2008 నాటి ఒక శిక్షణ పాఠం. భద్రతకు సంబంధించిన నివేదికల్లో ఇంజనీర్లు రాయకూడని మాటలు, 70కి దగ్గరగా, అందులో జాబితాగా ఇచ్చారు. "లోపం" రాయకూడదు, "ప్రమాదకరం" రాయకూడదు, "భద్రత" రాయకూడదు, "ఎప్పుడూ" అనీ "ఎన్నడూ" అనీ రాయకూడదు. "సమస్య"కు బదులు "విషయం" అనాలి. "లోపం"కు బదులు "రూపకల్పన ప్రకారం పనిచేయడం లేదు" అనాలి. ఆ జాబితాలో "కార్వెయిర్ వంటిది" అన్న మాట కూడా ఉంది. కార్వెయిర్ అదే కంపెనీ 1960లలో అమ్మిన కారు. దాని వెనుక చక్రాల అమరిక మలుపుల్లో అపాయకరమని వాదిస్తూ రాల్ఫ్ నేడర్ 1965లో పుస్తకం రాయగా, మరుసటి సంవత్సరమే అమెరికాలో మోటారు వాహన భద్రతా చట్టం వచ్చింది. ఏ కారు పేరు వల్ల భద్రతా చట్టం పుట్టిందో, భద్రత గురించిన నివేదికలో ఆ పేరు ఎత్తరాదన్న నియమం వచ్చిందన్నమాట. ఇంజనీరు చేతిలోంచి "లోపం" అన్న మాటను తీసివేయడం వైద్యుడి చేతిలోంచి "జ్వరం" అన్న మాటను తీసివేయడం వంటిది. కొంతకాలానికి అతడు ఆ మాటను రాయడమే కాదు, దానితో ఆలోచించడం కూడా మానేస్తాడు.

మాటను మార్చకపోయినా, దాన్ని ఎవరూ రాసుకోకపోతే ఫలితం అంతే. 2009 ఆగస్టులో కాలిఫోర్నియాలోని శాన్ డియాగో సమీపంలో ఒక లెక్సస్ కారు ఆక్సిలరేటరు ఇరుక్కుని, ఆపడం ఎవరి తరమూ కాక నలుగురు చనిపోయారు. ఆ బండి డీలరు తాత్కాలికంగా వాడుకోవడానికి ఇచ్చింది. అంతకు కొద్ది రోజుల ముందు అదే బండిని తీసుకున్న మరొక కస్టమరు, కాళ్ల కింది మ్యాటు ఆక్సిలరేటరుకు అడ్డుపడిందని తిరిగి ఇచ్చేటప్పుడు రిసెప్షన్‌లో చెప్పి వెళ్లాడు. ఆ మాట రిసెప్షన్ దాటి మెకానిక్కు చెవిన పడలేదు.

యజమాని చెప్పే ప్రతి కారణమూ నిజం కానక్కర లేదు. 1980లలో అమెరికాలో ఆడి 5000 కార్లు, బ్రేకు తొక్కుతుండగానే ముందుకు దూకుతున్నాయని ఎందరో ఫిర్యాదు చేశారు. పరిశోధన తరువాత, చాలా సందర్భాల్లో పాదం బ్రేకు మీద కాక ఆక్సిలరేటరు మీద పడిందని ప్రభుత్వ సంస్థ 1989లో తేల్చింది. అయినా బండి దూకిన మాట అబద్ధం కాదు. ఆ గొడవ ఫలితంగానే, బ్రేకు తొక్కితే తప్ప గేరును పార్కింగు స్థానం నుంచి కదలనివ్వని తాళం ఆటోమేటిక్ కార్లలో వ్యాపించింది. రోగి తన జబ్బు పేరు తప్పు చెప్పవచ్చు, నొప్పి ఎక్కడో తప్పు చెప్పడు.

ఎలక్ట్రానిక్ పరికరాలు వచ్చాక ఈ మాటకు విలువ పెరగవలసింది పోయి తగ్గింది. ఇప్పటి కారులో ఇంజనుకు ఒకటి, బ్రేకుకు ఒకటి, ఎయిర్‌బ్యాగుకు ఒకటి చొప్పున చిన్న కంప్యూటర్లు ఉంటాయి. సెన్సర్లు పంపే సంకేతాలలో తేడా గమనించినప్పుడు అవి ఒక కోడు నమోదు చేసి డాష్‌బోర్డు మీద దీపం వెలిగిస్తాయి. వర్క్‌షాపులో స్కానరు తగిలించి ఆ కోడు చదువుతారు. కోడు ఉంటే లోపం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. కాని వేడికి వదులై చల్లబడగానే మళ్లీ అతుక్కునే వైరు కనెక్టరు, సముద్రతీరపు తేమకు పచ్చబడిన పిన్ను, స్కానరు దగ్గరికి వచ్చేసరికి ఏమీ ఎరగనట్టే ఉంటాయి. ఇంకా లోతైన చిక్కు ఒకటి ఉంది: కోబాల్ట్ స్విచ్చి వెనక్కు తిరిగినప్పుడు కారులోని కంప్యూటర్లకు అందిన సమాచారం, చెవి ఆఫ్ వైపు తిరిగిందని మాత్రమే. వాటి దృష్టిలో డ్రైవరే చెవి తిప్పాడు. తిప్పలేదని చెప్పగలిగింది ఆ సీటులో కూర్చున్న మనిషి ఒక్కరే.

భారతదేశంలో 2012 నుంచి తయారీదారులు స్వచ్ఛందంగా వాహనాలను వెనక్కు పిలిచే పద్ధతి ఉండేది. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణతో 110ఎ సెక్షను వచ్చి, నడిపేవారికిగాని, ప్రయాణికులకుగాని, రోడ్డు మీది ఇతరులకుగాని హాని కలిగించే లోపముంటే వెనక్కు పిలవమని ఆదేశించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి దక్కింది. 2021 ఏప్రిల్ 1 నుంచి అందుకు నియమాలు అమలులో ఉన్నాయి, యజమానులు వాహన్ పోర్టల్ ద్వారా ఫిర్యాదు చేయవచ్చు. ఈ సెక్షనులో గుర్తించవలసింది, ఇంత శాతం యజమానులు ఒకే లోపం గురించి చెప్పడమే ఆదేశానికి ఒక ఆధారం కావడం. అంటే శ్రీకాకుళంలో ఒకరు, ఆదిలాబాదులో ఒకరు విడివిడిగా చెప్పిన మాటలు ఒకే లోపంగా లెక్కకు రావాలి. ఒకరి జాబ్‌కార్డులో "పనితీరు", మరొకరిదానిలో "శబ్దం", ఇంకొకరిదానిలో "ఇంధన వ్యవస్థ" అని ఉంటే ఆ లెక్క ఎన్నటికీ కలవదు. యజమాని మాటను అతడన్నది అన్నట్టు, తెలుగులో అంటే తెలుగులోనే, జాబ్‌కార్డులో రాసి తీరాలన్న నియమం ఒక్కటి ఉంటే ఎంతో మేలు జరిగేది.

పాత షెడ్లలో ఆ నియమం అవసరం ఉండేది కాదు, ఎందుకంటే అక్కడ విన్నవాడే విప్పేవాడు. అంబాసిడర్లు, పద్మినీలు తిరిగిన కాలంలో విజయవాడ ఆటోనగర్ షెడ్లలో మేస్త్రి అడిగే ప్రశ్నలు మంచి వైద్యుడి ప్రశ్నల్లా ఉండేవి: పొద్దున చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? ఎత్తు ఎక్కేటప్పుడా, దిగేటప్పుడా? లోపల ఎంతమంది కూర్చుంటే? తిరుమల కొండ దిగుతుంటే కాలిన వాసన వచ్చిందంటే, ఏ గేరులో దిగారని మొదట అడిగేవాడు. కింది గేరులో పెట్టి ఇంజను పట్టుతో దిగకుండా బ్రేకు తొక్కుతూనే దిగితే లైనింగు వేడెక్కి పట్టు పోతుందని అతడికి తెలుసు గనుక. ఇంజను మీద ఒక చోట పొడవాటి స్క్రూడ్రైవరు కొన ఆనించి, పిడిని చెవికి చేర్చుకుని, "రేసు ఇవ్వు" అని కుర్రాడికి చేయి ఊపి, కళ్లు మూసుకుని వినేవాడు; చుట్టూ రేకు మీద సుత్తి దెబ్బలు పడుతున్నా ఆ ఒక్క చప్పుడును వేరుచేసి పట్టేవాడు. అప్పటికీ దొరక్కపోతే యజమానినే స్టీరింగు ముందు కూర్చోబెట్టి, తాను ఎడమ సీటులో కూర్చుని, రేడియో ఆపి, అద్దాలన్నీ దించి, "మీరు రోజూ ఎలా పోతారో అలాగే పోనివ్వండి సార్" అనేవాడు. బందరు రోడ్డు మీద మైలు, రెండు మైళ్లు మాటా పలుకూ లేకుండా సాగేది ఆ ప్రయాణం. యజమాని "ఇదిగో, ఇప్పుడు" అనేవరకు మేస్త్రి అరచేయి డాష్‌బోర్డు మీద ఆనించే ఉండేది.