రాతి బడి, అమ్మీ ఖత్



పోయిన మే నెలలో అమెరికాలో ఆపా ఇంట్లో ఉన్నాను. వాళ్లది కాన్సస్ సిటీ పక్కన ఓవర్‌లాండ్ పార్క్. ఒక ఇతవార్ పొద్దున దుల్హాభాయ్, "చలో, నీకు అసలు కాన్సస్ చూపిస్తా" అని కారు తీశారు. నేను, ఆపా, పన్నెండేళ్ల భాంజీ ఎక్కాం. రెండు గంటల ప్రయాణం. ఎంపోరియా దాటాక చెట్లు తగ్గిపోయాయి. ఇక మిగిలింది గడ్డి, ఆస్మాన్.

మేం దిగిన ఊరి పేరు కాటన్‌వుడ్ ఫాల్స్. వెయ్యి మంది కూడా లేని పశువుల ఊరు. ఇటుకలు పరిచిన బజారు, దాని చివర సున్నపురాయితో కట్టిన కోర్టు, ఎర్రటి పైకప్పు, గడియారం. 1873లో కట్టిన ఆ కోర్టు నేటికీ నడుస్తోంది. హోటల్లో మా నలుగురినీ చూసి ఒకటి రెండు తలలు తిరిగాయి. నా గుండె కాస్త గట్టిగా కొట్టుకుంది. అబద్ధమెందుకు? వడ్డించే పెద్దావిడ మాత్రం "ఎంత దూరం నుంచి వచ్చారు?" అని అడిగి, ఇండియా అనగానే కాఫీ మళ్లీ నింపింది. ఊరి నిండా గొడ్డుమాంసమే. హలాల్ కాదు కదా, మేం గుడ్లు, రొట్టె తిన్నాం.

అక్కడి నుంచి కాస్త ఉత్తరాన టాల్‌గ్రాస్ ప్రైరీ జాతీయ సంరక్షణ ప్రాంతం ఉంది. 1996లో ఏర్పడింది. స్టీఫెన్ జోన్స్ అనే పశువుల షావుకారు 1881లో కట్టించిన రాతి హవేలీ, మూడంతస్తుల కొట్టం ఇంకా చెక్కుచెదరలేదు. ఒకప్పుడు అమెరికా నడిమధ్య కోట్ల ఎకరాల్లో పెరిగిన ఈ పొడుగు గడ్డి ఇప్పుడు నూటికి నాలుగు వంతులు కూడా లేదు. మిగతాదంతా నాగలి కిందకు పోయింది. ఇక్కడ ఎందుకు మిగిలిందంటే, పై మన్ను పల్చన. కొంచెం తవ్వితే చెకుముకి రాయి. నాగలి దిగదు. అందుకే సేద్యం బదులు పశువులొచ్చాయి. ఎండాకాలమంతా మేసి బలిసి, రైలెక్కి కాన్సస్ సిటీ బజారుకు పోయేవి.

ఇక్కడివాళ్లు ఏటా వసంతంలో గడ్డికి నిప్పు పెడతారు. పైన బూడిదైనా, కింద వేళ్లు పది అడుగుల దాకా పోతాయి. వారాల్లో మళ్లీ పచ్చగా లేస్తుంది. రాంచీలవాళ్లు రాకముందే ఇక్కడి ఆదివాసీలకు ఈ విద్య తెలుసు. దూరంగా బైసన్ల మంద కనిపించింది. కనుమరుగైన వాటిని 2009లో తిరిగి తెచ్చి వదిలారట.

జొహర్ వేళైంది. దుల్హాభాయ్ ఫోన్లో ఖిబ్లా చూశారు. గడ్డిలో చాదర్ పరిచి సజ్దా చేశాం. గాలి తప్ప ఇంకో ఆవాజ్ లేదు.

గుట్ట మీద ఒంటిగది రాతి బడి ఉంది. 1882 నాటిది. 1930లో మూతపడింది. కిటికీలోంచి బెంచీలు చూస్తుంటే భాంజీ అడిగింది: "మామూ, ఈ కాన్సస్ అనే పేరు ఎవరిది?"

చెప్పాను. కాన్సా తెగవాళ్లది. వాళ్లనే కౌ అంటారు. కోర్టు కట్టిన ఆ 1873లోనే ప్రభుత్వం వాళ్లను ఇక్కడి నుంచి ఇప్పటి ఓక్లహోమాకు తరలించింది. పేరు రాష్ట్రానికి మిగిలింది, మనుషులు పోయారు. పుట్టుకతో ఆ జబాన్ మాట్లాడిన చివరి తరం 1980ల్లో వెళ్లిపోయింది. పోయేముందు వాళ్ల మాటలు రికార్డు చేశారు గనక, వాటితోనే ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నారు.

చెబుతుంటే గొంతు పట్టుకుంది. నల్గొండలో నేను చదివిన ఉర్దూ మీడియం బడి పిల్లల్లేక మూతపడింది. పిల్లలు ఎందుకు లేరు? నాలాంటివాళ్లం మా పిల్లల్ని పంపలేదు కాబట్టి. నా కొడుక్కి అలిఫ్ రాదు. నేను తెలుగులో డిగ్రీ చేసి, తెలుగులోనే రాస్తాను. తెలుగు నాకు రోటీ ఇచ్చింది, ఇజ్జత్ ఇచ్చింది. దానిమీద షికాయత్ లేదు. కానీ నేను రాసిన ఒక్క ముక్క కూడా అమ్మీ చదవలేదు. ఆమెకు ఉర్దూ తప్ప రాదు.

రాత్రి ఇంటికొచ్చాక ఆపా ఖురాన్ జుజ్‌దాన్ లోంచి ఒక పాత ఖత్ తీసింది. భాంజీ పుట్టినప్పుడు అమ్మీ రాసింది. పన్నెండేళ్లుగా అది ఎవరికోసం రాసిందో ఆ పిల్లే చదవలేదు. నేను చదవబోతే ఆపా చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు చదవకు. దాన్నే చదవనీ."

ఆ రాత్రే అలిఫ్, బే మొదలుపెట్టాం. ఇండియాకొచ్చాక ఇంట్లో కొడుకునీ కూర్చోబెట్టాను. వాడు మొహం ముడుచుకునే కూర్చున్నాడు.

పోయిన జుమ్మా నాడు భాంజీ ఒక కాగితం ఫోటో పంపింది. "నానీ" అని రాయబోయి, మొదటి నూన్ మీద పెట్టాల్సిన నుక్తా కింద పెట్టింది. "నానీ" కాస్తా "బానీ" అయింది. నేను దిద్దబోతే, చష్మా సర్దుకుని చూసిన అమ్మీ నవ్వింది.

"ఉండనీ బేటా. బానీ అంటే బునియాద్ వేసేది. అది గలతీ కాదు."