మా యింటి జొన్న గుడాలు

ఈ సంగతి వ్రాయాలా వద్దా అని చాలా దినాలు ఆలోచించాను. వంటల గురించి అమ్మగార్లు వ్రాయడం మనకు అలవాటు గాని, సంఘకాపరి గరిటె పట్టుకొని పత్రికలోనికి రావడం అంతగా చూడము. అయితే యిది వంట సంగతి మాత్రమే కాదు. నా యింట్లో నేను చేసిన ఒక తప్పు సంగతి కూడా. గనుక నా భార్యను అడిగి, ఆమె సరేనన్న తరువాతనే వ్రాస్తున్నాను.

మేము ఉండేది మేడారంలో. పూర్వం వరంగల్ జిల్లా, 2019 నుండి ములుగు జిల్లా, తాడ్వాయి మండలం. రెండేండ్లకొకసారి మాఘ మాసంలో సమ్మక్క సారలమ్మ జాతరకు లక్షలాది జనం వచ్చినప్పుడు మా ఊరు పట్నమైపోతుంది. మిగతా దినాలలో చుట్టూ అడవి, జంపన్న వాగు, కొన్ని యిండ్లు, అంతే. మాకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు ఏది పెట్టినా తింటాడు. చిన్నమ్మాయి సంగతే వేరు. తెల్లన్నం, పప్పు నీళ్లు, పెరుగు, ఈ మూడే దాని లోకం. కూర ముక్క నోటికి తగిలితే ఉమ్మివేసేది. దుకాణంలో అయిదు రూపాయల కారం చిప్స్ ప్యాకెట్టు మాత్రం కింద రాలిన పొడితో సహా తినేది.

2023లో వానలు వెనుకపట్టిన తరువాత బడిలో పిల్లలకు రక్తపరీక్ష చేశారు. అప్పుడు దానికి ఏడేండ్లు. ఆ వయస్సు పిల్లలకు హిమోగ్లోబిన్ 11.5 గ్రాములైనా ఉండాలట. మా పిల్లకు 8.6 వచ్చింది. నర్సమ్మ ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్ర యిచ్చి, "అయ్యగారూ, మందుతో పాటు తిండి మారాలె. ఆకుకూరలు, పప్పులు, జొన్నలు పెట్టుండ్రి" అని చెప్పి పంపింది.

ఆ కాగితం చేతిలో పట్టుకొని యింటికి వచ్చిన దినము నుండి నేను కాపరిని కాదు, పోలీసునయ్యాను. పళ్లెం ముందు కూర్చోబెట్టి, ఎదురుగా నేను కూర్చొని, తోటకూర అన్నం ముద్దలు లెక్కపెట్టి తినిపించడం మొదలుపెట్టాను. వారం దినాలకు మా పెరటి జామచెట్టు క్రింద చీమల బారు చూచి తవ్వితే నా లెక్కపెట్టిన ముద్దలన్నీ అక్కడ బయటపడ్డాయి. చెంపలో దాచుకొని పోయి అక్కడ పూడ్చిపెట్టేది. కోపం ఆపుకోలేక చెయ్యి చేసుకున్నాను. ఒక దెబ్బ కాదు.

మా యింట్లో భోజనానికి ముందు కృతజ్ఞతా ప్రార్థన చేసేది చిన్నమ్మాయే. మాటలు వచ్చిన నాటి నుండి అది దాని పని. ఆ రాత్రి "ప్రార్థన చెయ్యమ్మా" అంటే తల వంచుకొని, "నువ్వే చేసుకో డాడీ" అన్నది. మరుసటి దినము కూడా అంతే. తరువాత నేను తిని లేచేదాకా వంటింట్లోకి రావడమే మానివేసింది. ఆదివారం పుల్పిట్ మీద నిలబడి పిల్లల పెంపకం గురించి చెప్పవలసి వచ్చినప్పుడు నా నోట మాట పెగలలేదు. ఆ వేళ వాక్యభాగం మార్చుకున్నాను.

నాకు మాత్రం జొన్న అంటే ఎప్పుడు ప్రీతి గనుక! నేను పుట్టిన మరుసటి ఏడు, 1983లో, ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చింది. అంతకు ముందు పండుగకో, జ్వరమొస్తేనో తప్ప మా వంటి యిండ్లలో వరి అన్నం ఎరుగరు. జొన్న గటుక, అంబలి, రొట్టె, అదే బ్రతుకు. తెల్లన్నం రాగానే గటుక బీదతనానికి గుర్తయిపోయింది. నేను డిప్లొమా చదువుకు బైబిలు కాలేజీకి వెళ్లేటప్పుడు నాయనమ్మ పన్నెండు జొన్న రొట్టెలు గుడ్డలో మూట కట్టి యిచ్చింది. హాస్టల్‌లో తోటివారు చూస్తారని సిగ్గుపడి పెట్టెలోనే ఉంచాను. బూజు పట్టాక రాత్రివేళ గోడ అవతల పారవేశాను. సెలవులకు వచ్చినప్పుడు "రొట్టెలు తిన్నవా బిడ్డా?" అని అడిగితే "తిన్న" అన్నాను. జామచెట్టు సంగతి తరువాత ఈ రొట్టెల మూట నాకు చాలాసార్లు జ్ఞాపకం వచ్చింది.

2024 ఫిబ్రవరిలో జాతర వచ్చింది. 21 నుండి 24 వరకు అసలు జాతర గాని, అంతకు వారం ముందు నుండే తోవలన్నీ బండ్లతో నిండిపోయాయి. కూరగాయల ధర అడగబుద్ధి కాలేదు. ఆ దుమ్ముకు నా భార్యకు దగ్గు, జ్వరం పట్టుకొని మంచం ఎక్కింది. వంట నా మీద పడింది. పక్కింటి కోయ అవ్వ మా అవస్థ చూచి చేటెడు తెల్ల జొన్నలు తెచ్చి, "గుడాలు వేసుకోండ్రి, కూర ఎందుకు?" అన్నది. గుడాలంటే తెలియని ఈ వైపువారు ఉండరు. గింజలు ఉడకబెట్టి ఉప్పు కారం వేసి తినడం. కోస్తావారు గుగ్గిళ్లు అంటారు.

అవ్వ చెప్పినంత సులువుగా అది కాలేదు. గంటసేపు నానబెట్టి కుక్కర్‌లో మూడు కూతలు రాగానే దించాను. పెద్దవాడు ఒక పిడికెడు నోట్లో వేసుకొని, "డాడీ, ఇవి గుడాలా, గులకరాళ్లా?" అన్నాడు. తలుపు వెనుక నుండి చిన్నమ్మాయి కిలకిలా నవ్వింది. నాలుగు నెలల తరువాత నా ఎదుట అది నవ్విన నవ్వు అది. నేను కూడా నవ్వాను. నవ్వి, "రేపు సరిగ్గా చేస్త, నువ్వు చూసి చెప్పు" అన్నాను. అది ఏమీ అనలేదు గాని, తలుపు చాటు నుండి పోలేదు కూడా.

జొన్నలతో తొందర పనికిరాదు. ఆ తరువాత నేర్చుకున్న పద్ధతి యిది. అయిదుగురికి టీ గ్లాసుతో గ్లాసున్నర తెల్ల జొన్నలు, అర గ్లాసు బొబ్బెర్లు చాలును. జొన్నలు చెరిగి, రాళ్లు ఏరి, నాలుగైదు నీళ్లలో కడిగి రాత్రంతా నాననివ్వాలి. పది గంటలైనా మంచిదే. ఉదయం ఆ నీళ్లు పారబోసి, గింజలకు మూడింతల నీళ్లు, కొంచెం ఉప్పు వేసి కుక్కర్ పెట్టి, మొదటి కూత వచ్చాక మంట తగ్గించి అరగంట ఉంచండి. కట్టెల పొయ్యి మీదనైతే గంట పైనే పడుతుంది. గింజ పగిలి లోపలి తెలుపు కనబడాలి, పంటికి మాత్రం తగలాలి. బొబ్బెర్లు విడిగా ఉడికించండి. రెండూ కలిపి పెడితే జొన్న ఉడికే లోపల బొబ్బెర పిండైపోతుంది. ఉడికిన నీళ్లు పారబోయక పప్పుచారులో పోసుకోవచ్చును. తరువాత వెడల్పాటి పళ్లెంలో గుడ్డ పరచి గింజలను పూర్తిగా ఆరనివ్వాలి. ఈ ఆరబెట్టడం మానివేసినవారి గుడాలు ముద్దగా అవుతాయి. పిల్లలకు ఆ జిగురే గిట్టదు.

ఆరిన గింజలలో కీరదోస ముక్కలు, గింజలు తీసివేసిన టమాట, ఉడికించిన మక్కగింజలు, వేయించి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, కొత్తిమీర కలపాలి. మాఘం దాటితే పచ్చి మామిడికాయ తురుము, జామకాయల కాలంలో దోరజామ ముక్కలు. చెంచాడు నూనెలో ఆవాలు, జీలకర్ర, కల్యమాకు పోపు పెట్టి, చల్లారాక నిమ్మకాయ పిండాలి. అయిదేండ్ల లోపు పిల్లలున్న యింట్లో పల్లీలు పూర్తిగా మెత్తగా దంచండి, గొంతుకు అడ్డం పడుతాయి. ముక్కలు కలిపిన తరువాత ఎండాకాలంలో మధ్యాహ్నం దాటి ఉంచకండి.

మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారి పట్టికల ప్రకారం నూరు గ్రాముల జొన్నలలో ఇనుము 4 మిల్లీగ్రాముల దాకా, పీచు 10 గ్రాముల దాకా ఉన్నవి. మర పట్టిన తెల్ల బియ్యంలో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు, పీచు 3 గ్రాముల లోపే. గింజలోని ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మపులుపు సహాయం చేస్తుంది. తిన్న వెంటనే చాయ తాగితే ఆ మేలు తగ్గిపోతుంది. మా యింట్లో పిల్లలకు చాయ మాన్పించడానికి గుడాల కంటె ఎక్కువ కష్టపడ్డాము, అది వేరే కథ.

అసలు మార్పు వంటలో కంటె వడ్డనలో వచ్చింది. ఎలిన్ సాటర్ అనే అమెరికా పోషకాహార నిపుణురాలు చెప్పిన మాట ఒకటి మా బంధువుల అమ్మాయి, నర్సింగు చదివినది, నాకు వివరించింది. ఏమి వండాలో, ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో పెద్దల పని. అందులో ఏది తినాలో, ఎంత తినాలో పిల్లల పని. పిల్లల పని పెద్దలు చేయకూడదు. నేను నాలుగు నెలలు చేసినది సరిగ్గా అదే. మరొక మాట కూడా చెప్పింది: కొత్త తిండి పిల్లలకు నచ్చడానికి పది, పదిహేను సార్లు కంటి ముందుకు రావలసి ఉంటుందట. మనం మూడవసారికే "మొండిది" అని పేరు పెట్టివేస్తాము.

కనుక అన్నీ కలిపివేయకుండా చిన్న చిన్న గిన్నెలలో విడివిడిగా పెట్టాము. ఒక గిన్నెలో జొన్నలు, ఒకదానిలో మక్కగింజలు, ఒకదానిలో పల్లీలు. పక్కన అది ఎప్పుడూ తినే పెరుగన్నం కూడా. ఎవరికి కావలసినవి వారు కలుపుకోవాలి. ఎవరూ ఎవరి పళ్లెంలోకి తొంగి చూడకూడదు, ముఖ్యంగా నేను. మొదటి దినము మక్కగింజలు, పల్లీలు మాత్రమే తీసుకున్నది. రెండవసారి, మూడవసారి అంతే. నా నాలుక చివరకు మాట వచ్చేది, మంచినీళ్లు తాగి మింగేవాడిని. నాలుగవసారి రెండు జొన్న గింజలు వేలితో తీసి నోట్లో వేసుకొన్నది. రెండే. నేను గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. మామిడికాయలు వచ్చాక మాత్రం తురుములో కలుపుకొని గుప్పెడు తిన్నది. "ముత్యాల లెక్క ఉన్నయి" అన్నది వాళ్ల అమ్మతో. నాతో కాదు.

ఆ వేసవిలో ఒక ఆదివారం ఆరాధన తరువాత ప్రేమవిందుకు ఈ గుడాలే చేశాము. సంఘ పెద్ద ఒకాయన పళ్లెం చూచి, "అయ్యగారూ, జొన్నలు ఎడ్లకు పెట్టేటివి గదా, సంఘానికి పెడుతున్నరా?" అన్నారు. ఆయనను తప్పు పట్టలేను, రొట్టెల మూట పారవేసినవాడిని నేను. రూతుకు బోయజు పొలంలో పెట్టిన భోజనం గింజలే, ఆమె తృప్తిగా తిని మిగిలినవి అత్తకు తీసుకొని పోయింది అని చెప్పాను. లెబనోను దేశంలో యిప్పటికీ గోధుమ నూకలో కొత్తిమీర వంటి ఆకు, పుదీనా, నిమ్మరసం కలిపి తబ్బూలె అని అతిథులకు పెడతారని కూడా చెప్పాను. ఆయన ఒప్పుకున్నారో లేదో గాని, రెండవసారి అడిగి పెట్టించుకున్నారు.

ఏడాది తరువాత పరీక్షలో చిన్నమ్మాయి రక్తం 11.2 వచ్చింది. అది గుడాల వల్లనే అని చెప్పలేను. మాత్రలు క్రమంగా వేశాము, నులిపురుగుల మందు వేశాము, ఆకుకూర కూడా యిప్పుడు జొన్న రొట్టె పిండిలో కలిపితే తింటుంది. మాత్రలు మానివేసి గింజలు తినిపించండి అని ఎవరూ అనుకోకూడదు.

నేను దానిని క్షమాపణ అడిగాను. ఒక సాయంత్రం బొబ్బెర్లు ఏరుతూ, "ఆనాడు కొట్టిన గదా, తప్పు చేసిన బిడ్డా" అన్నాను. అది చేటలో నుండి ఒక రాయి తీసి నా చేతిలో పెట్టి, "ఇది చూడలేదు నువ్వు" అన్నది. ఆ రాత్రి గిన్నెలన్నీ చాప మీద పెట్టుకొన్న తరువాత కండ్లు మూసుకొని తానే ప్రార్థన చేసింది. జొన్నల కొరకు, మక్కల కొరకు, పల్లీల కొరకు పేరు పేరున స్తోత్రం చెప్పి, ఉల్లిగడ్డల మాట మాత్రం ఎత్తలేదు. అప్పటి నుండి మా యింట్లో ఉల్లిగడ్డ ముక్కలు ఉప్పు నీళ్లలో వేసి, వేరే గిన్నెలో నా పక్కన పెడుతున్నారు.