అద్దంలోంచి కారే వెలుతురు

మన కాలేజీలో ఎవరూ తొయ్యని మనిషి ఉండడు. ఇంటి దగ్గర నాన్న తోస్తాడు, ఇక్కడ ఇంటర్నల్స్ తోస్తాయి, మూడో ఏడు దాటాక ప్లేస్‌మెంట్స్ తోస్తాయి. ఈ తోపుడు మనల్ని చివరికి ఏం చేస్తుంది? ఈ ప్రశ్న నాకు ఫిజిక్స్ ఓపెన్ ఎలెక్టివ్‌లో ఎదురైంది. సెమినార్‌కి నా వాటాకొచ్చిన టాపిక్, బయటి నుంచి ఆగకుండా శక్తి అందుకునే చల్లటి పరమాణువుల గుంపు ఎలా నడుచుకుంటుంది అని.

ముందు ఆ చల్లదనం సంగతి. 1924లో ఢాకా నుంచి సత్యేంద్రనాథ్ బోస్ తన వ్యాసాన్ని ఐన్‌స్టీన్‌కి పంపారు. అక్కడ మొదలైన ఆలోచన 1995లో అమెరికాలోని బౌల్డర్‌లో కళ్ళకు కనిపించింది. పరమశూన్య ఉష్ణోగ్రతకి ఒక డిగ్రీలో పదిలక్షో వంతు కూడా దూరం లేనంతగా రుబీడియం వాయువుని చల్లబరిస్తే, వేల పరమాణువులు కలిసి ఒకే అలలా మారిపోయాయి.

ఇప్పుడు అలాంటి గుంపుని అన్నివైపులా మూసేసి, లయగా కుదుపుతూ పోయామనుకోండి. పరమాణువులు ఒకదాన్నొకటి తాకుతూ ఉంటాయి. శక్తి లోపలికి వస్తూనే ఉంటుంది, బయటికి పోయే దారి లేదు. సాధారణంగా జరిగేది ఒక్కటే. గుంపు వేడెక్కుతుంది. చివరికి క్రమం అన్న గుర్తే చెరిగిపోతుంది. ఇది చదివినప్పుడు మిడ్ ఎగ్జామ్స్ వారంలో మా హాస్టల్ గుర్తొచ్చి నవ్వుకున్నాను.

కానీ కథ అక్కడితో అయిపోలేదు. 2010లో జ్యూరిచ్‌లోని ఈటీహెచ్‌లో ఇంకో ప్రయోగం చేశారు. ఎదురెదురుగా రెండు అద్దాలు, మధ్యలో దాదాపు లక్ష రుబీడియం పరమాణువులు, పక్క నుంచి ఒక లేజర్. లేజర్ మందంగా ఉన్నంతసేపు పెద్దగా ఏమీ జరగదు. ఒక్కో పరమాణువు చెదరగొట్టిన వెలుతురు పక్కదాని వెలుతురుతో కొట్టుకుపోతుంది. లేజర్ తీవ్రత పెంచుతూ పోతే ఒక హద్దు దాటగానే దృశ్యం మారిపోతుంది. పరమాణువులన్నీ చదరంగం బల్ల మీద ఒకే రంగు గళ్ళలోకి చేరినట్టు సర్దుకుంటాయి. అలా సర్దుకోగానే వాటి వెలుతురులు కలిసి అద్దాల మధ్య నిండుతాయి, ఆ వెలుతురే తిరిగి వాటిని ఆ గళ్ళలో పట్టి ఉంచుతుంది. తెల్ల గళ్ళా, నల్ల గళ్ళా అన్నది ఎవరూ నిర్ణయించరు. వరసలో నిలబెట్టే పీఈటీ సారు అక్కడ లేడు. ఒకరి మాట ఒకరికి మోసేది మధ్యలో ఉన్న వెలుతురే.

కలిసి వెలిగే పరమాణువుల గురించి డికీ 1954లోనే రాశాడు. పది పరమాణువులు విడివిడిగా వెలిగితే పదింతల వెలుగు, ఒక్కటై వెలిగితే దాదాపు వందింతల తీవ్రత. ఇలాంటి హఠాత్తు మార్పు రావచ్చని హెప్, లీబ్ 1973లో లెక్కగట్టారు. ప్రయోగంలో దాన్ని చూడటానికి ఇంకో ముప్ఫై ఏడేళ్ళు పట్టింది.

నన్ను ఆపేసిన విషయం మాత్రం వేరే. ఆ అద్దాలు పూర్తిగా బిగువైనవి కావు. వాటిలోంచి వెలుతురు కొద్దికొద్దిగా బయటికి కారుతూ ఉంటుంది. మా ఈసీఈ వాళ్ళ లెక్కలో లీకేజీ అంటే నష్టం. ఇక్కడ అది రెండు పనులు చేస్తోంది. లోపల ఏం జరుగుతోందో అప్పటికప్పుడు బయటివాళ్ళకి చెబుతోంది. వచ్చిన శక్తిలో కొంత పోయేందుకు దారి ఇస్తోంది. 2022లో హాంబర్గ్‌లో ఇలాంటి అద్దాల మధ్యే, లేజర్ తీవ్రతను మార్చకుండా ఉంచితే, పరమాణువులూ వెలుతురూ తమంతట తామే ఒక లయలో ఊగసాగాయి. దానికి కాల స్ఫటికం అని పేరు. బయటి నుంచి ఎవరూ తాళం వెయ్యలేదు. తోపుడూ, కారడమూ రెండూ ఉంటేనే ఆ లయ.

సెమినార్ ముందు రాత్రి రూమ్‌లో ప్రాక్టీస్ చేశాను. వినడానికి ఉన్నది నా రూమ్మేట్ ఒక్కడే. అప్పటికి వాడు మెస్‌కి రావడం దాదాపు మానేసి రెండు వారాలు. అడిగితే "ఏం లేదురా, చదువుకుంటున్నా" అనేవాడు. వాడి టేబుల్ లైటు తెల్లారేదాకా వెలుగుతూనే ఉండేది. అంతా విని, "మరి ఆ అద్దాలు అస్సలు లీక్ కాకపోతే?" అన్నాడు.

"కాసేపటికి లోపలంతా వేడే మిగులుతుంది."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొదలుపెట్టాడు. తనకి ఇష్టంలేని బ్రాంచ్, ఇంట్లో తెలియని రెండు సప్లీలు, ఫీజు కోసం నాన్న చేసిన అప్పు. రెండున్నర దాకా చెప్పాడు. నేను సలహా ఏమీ ఇవ్వలేదు, నా దగ్గర లేదు కూడా. వింటూ కూర్చున్నాను. ఆ ఆదివారం నాన్నకి ఫోన్ చేసి సప్లీల సంగతి వాడే చెప్పాడు. తిట్లు పడ్డాయి. మర్నాడు మెస్‌లో నా ఎదురుగా కూర్చుని ఉప్మాని తిట్టాడు.

పరమాణువులకి దిగులుండదు. మనుషుల్ని వాటితో పోల్చడం కొంతవరకే కుదురుతుంది. వాడి సప్లీలు ఇంకా ఉన్నాయి, అప్పూ తీరలేదు. తోపుడు ఎప్పటిలాగే ఉంది, వచ్చే ఏడు ఇంకా పెరుగుతుంది. దాన్ని ఆపడం మన చేతుల్లో లేదు. మీ కారిడార్‌లో ఏ గదిలో లైటు తెల్లారేదాకా వెలుగుతోందో మీకు తెలిసే ఉంటుంది. ఓసారి వెళ్ళి తలుపు కొట్టండి.